ఆదివారం ‘నమ్ముచున్నాను’ అనేటప్పుడు గొంతు ఆగిపోతే

వందనాలమ్మా.

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు పెంతెకొస్తు సంఘంలో పెరిగారు. పద్నాలుగేళ్లప్పుడు ఒక ఉజ్జీవ కూటంలో ప్రసంగీకుడు చెప్పిస్తుంటే ‘ప్రభువా, నేను పాపిని, నా హృదయంలోకి రండి’ అని ప్రార్థన చేశారు. ఇప్పుడు సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) కుటుంబానికి కోడలిగా వచ్చారు. ఇక్కడ ఆదివారం అందరూ లేచి నిలబడి విశ్వాస ప్రమాణం చెబుతుంటే మీరు పెదవులు మాత్రం కదుపుతున్నారు. అవన్నీ వల్లించే మాటలు, వాటివల్ల ఉపయోగం లేదని మీ అమ్మగారు అంటున్నారు. నోరు తెరిచి చెప్పమ్మా అని మీ అత్తగారు అంటున్నారు. ‘అదృశ్యలోకం’, ‘సార్వత్రిక సంఘం’ అంటే ఏమిటో తెలియడం లేదు, పిలాతు పేరు ఎందుకు తలుచుకోవాలో కూడా తెలియడం లేదు. పైగా రెండేళ్ల కిందట నాన్నగారు పోయిన దగ్గర్నుంచి ‘శరీర పునరుత్థానమును’ అనే మాట దగ్గర గొంతు పెగలడం లేదు. పూర్తిగా నమ్మకం కుదరకుండా ‘నమ్ముచున్నాను’ అంటే దేవుని ముందు అబద్ధం ఆడినట్టేనా అన్నది మీ ప్రశ్న.

ధైర్యంగా ‘నమ్ముచున్నాను’ అని చెప్పండమ్మా. అది అబద్ధం కాదు. ‘నాకు సందేహాలేమీ లేవు’ అని దేవుడికి రాసిచ్చే హామీ పత్రం కాదది. నేను ఎవరిని నమ్ముకుని బతుకుతున్నానో నలుగురితో కలిసి చెప్పే మాట. పద్నాలుగేళ్లప్పుడు మీరు చేసిన ప్రార్థన దీనివల్ల చెల్లకుండా పోదు. అది మీరు ఒక్కరే దేవుడితో చెప్పుకున్నది, ఇది సంఘంతో కలిసి చెబుతున్నది. రెండింట్లో ఏదీ మంత్రం మాత్రం కాదు. అక్షరం పొల్లుపోకుండా పలికినంత మాత్రాన రక్షణ రాదు, ఒక మాట దగ్గర ఆగిపోతే పోదు.

ఇక వివరంగా చెబుతాను. నేను డెల్టాలో ఒక పల్లె సంఘంలో ముప్పై నాలుగేళ్లు కన్ఫర్మేషన్ క్లాసులు చెప్పాను, అంటే చిన్నప్పుడు బాప్తిస్మం పొందిన పిల్లలు తమ నోటితో విశ్వాసం ఒప్పుకునే రోజుకు సిద్ధం చేసే క్లాసులు. బడిలో తెలుగు మాస్టారిగా పనిచేసి రిటైరయ్యాను. మా నాన్న ఉపదేశి, అంటే పల్లె సంఘంలో వాక్యం నేర్పేవాడు. కాబట్టి ఈ ప్రమాణం నాకు పుస్తకంలో కంటే ముందు ఇంట్లోనే తెలుసు. దీని పూర్తి పేరు అపొస్తలుల విశ్వాస ప్రమాణం. మా సంఘంలో చెప్పే మాటలు ఇవి:

పరలోక భూలోకములను సృజించిన సర్వశక్తిగల తండ్రియగు దేవుని నమ్ముచున్నాను. ఆయన అద్వితీయ కుమారుడును మన ప్రభువునైన యేసుక్రీస్తును నమ్ముచున్నాను. ఈయన పరిశుద్ధాత్మవలన కన్యయగు మరియ గర్భమున ధరింపబడి ఆమెకు పుట్టెను. పొంతి పిలాతు కాలమందు బాధపడి, సిలువ వేయబడి, చనిపోయి, పాతిపెట్టబడి, అదృశ్యలోకములోనికి దిగెను. మూడవ దినమున చనిపోయినవారిలోనుండి తిరిగి లేచి, పరలోకమునకెక్కి, సర్వశక్తిగల తండ్రియైన దేవుని కుడిచేతివైపున కూర్చుండియున్నాడు. సజీవులకును మృతులకును తీర్పు తీర్చుటకై అక్కడనుండి వచ్చును. పరిశుద్ధాత్మను నమ్ముచున్నాను. పరిశుద్ధ సార్వత్రిక సంఘమును, పరిశుద్ధుల సహవాసమును, పాపక్షమాపణను, శరీర పునరుత్థానమును, నిత్యజీవమును నమ్ముచున్నాను. ఆమేన్.

మీ సంఘంలో ఒకటి రెండు మాటలు తేడాగా ఉండవచ్చు, కంగారుపడకండి. కతోలికులు ‘సర్వేశ్వరుడు’ అంటారు, సంఘాన్ని ‘శ్రీసభ’ అంటారు, పరిశుద్ధులను ‘పునీతులు’ అంటారు. విషయం ఒకటే.

ముందు ‘నమ్ముచున్నాను’ అనే మాట చూడండి, మీ టెన్షన్ అంతా దాని దగ్గరే ఉంది. తెలుగులో నమ్మడం రెండు రకాలు. ‘రేపు కరెంటు ఉండదంటే నమ్మాను’ అంటే ఒక కబురు నిజమని అనుకున్నాను. ‘నిన్నే నమ్ముకున్నాను’ అంటే నా బరువంతా నీ మీద వేశాను. మా రైతులు భూమిని నమ్ముకుంటారు, కాలవను నమ్ముకుని నారు పోస్తారు. కాలవలో నీళ్లు ఏ రోజు వదులుతారో వాళ్లకు తెలియదు. అయినా నారు పోస్తారు. ప్రమాణంలో ఉన్న నమ్మకం ఈ రెండో రకం. ‘దేవుడు ఉన్నాడని నమ్ముచున్నాను’ అనలేదు, ‘దేవుని నమ్ముచున్నాను’ అన్నారు. లాటిన్ మూలంలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అన్న మూడు పేర్ల ముందు ‘మీద ఆనుకోవడం’ అనే అర్థం వచ్చే చిన్న మాట ఉంటుంది. సంఘం, క్షమాపణ, పునరుత్థానం వీటి ముందు అది లేదు. నాలుగో శతాబ్దం చివర, ఐదో శతాబ్దం మొదట్లో ఈ ప్రమాణానికి వివరణ రాసిన రూఫినస్ ఈ సంగతి ప్రత్యేకంగా ఎత్తి చూపించాడు. తెలుగులో అన్నిటికీ ‘ని’, ‘ను’ ప్రత్యయాలే రావడంతో ఆ తేడా మనకు వినిపించదు. ఇది తెలిసిన తర్వాత సంఘంలో గొడవలు చూసి బాధపడేవాళ్లకు నేను ఒక మాట చెప్పగలిగాను: నువ్వు ఆనుకున్నది సంఘం మీద కాదు, సంఘాన్ని పిలిచినవాడి మీద.

సందేహంతో నమ్మడం గురించి బైబిల్లోనే ఒక తండ్రి ఉన్నాడు. మార్కు 9వ అధ్యాయంలో, మూర్ఛ వచ్చే కొడుకును తీసుకొచ్చినవాడు. నమ్ముతున్నానంటూనే, నాలో అపనమ్మకం ఉంది, సాయం చెయ్యమని కేకవేశాడు. రెండు మాటలూ ఒకే ఊపిరిలో వచ్చాయి. యేసు ఆ మనిషిని ముందు సందేహం తీర్చుకుని రమ్మనలేదు, పిల్లవాడిని బాగుచేశాడు.

ఇది బైబిల్లో ఉందా? ఈ వరసలో, ఈ మొత్తంగా లేదు. అమ్మగారు ఆ మాట అంటే ఒప్పుకోండి. కానీ ప్రతి ముక్కా బైబిల్లోదే. ఇశ్రాయేలీయులు రోజూ చెప్పుకునే ‘మన దేవుడైన యెహోవా అద్వితీయుడు’ అన్న మాట ద్వితీయోపదేశకాండం 6లో ఉంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15లో పౌలు తనకు అందిన సంగతినే వాళ్లకు అప్పగించానంటాడు: క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడు, సమాధి అయ్యాడు, మూడో రోజు లేచాడు, కేఫాకు (పేతురుకు) కనిపించాడు. చదువుతుంటేనే తెలుస్తుంది, అది కంఠస్థం చేసిన వరస. పౌలు ఆ పత్రిక రాయకముందే సంఘాల్లో ఆ వరస నడుస్తోంది. రోమా 10:9 సంగతి మీకు తెలిసే ఉంటుంది: యేసు ప్రభువని నోటితో ఒప్పుకుని, దేవుడు ఆయనను మృతుల్లోనుంచి లేపాడని హృదయంలో విశ్వసించడం. నోరూ, హృదయమూ రెండూ ఆ వాక్యంలో ఉన్నాయి. మీ అమ్మగారి సంఘం హృదయాన్ని గట్టిగా పట్టుకుంది, అత్తగారి సంఘం నోటిని గట్టిగా పట్టుకుంది. మీకు రెండూ దొరికాయి.

‘వ్యర్థమైన మాటలు వచింపవద్దు’ అన్న మత్తయి 6:7 గురించి కూడా అడిగారు. ఆ వాక్యం తర్వాత రెండు వచనాలు చదవండి. ‘మీరీలాగు ప్రార్థన చేయుడి’ అని ప్రభువే పరలోకప్రార్థన నేర్పించాడు. చెప్పిందే చెప్పడం తప్పయితే ఆయన అది నేర్పించేవాడు కాదు. ఎక్కువ మాటలు చెబితే దేవుడు వింటాడు అనుకోవడాన్నే ఆయన వద్దన్నాడు. అలాంటి వ్యర్థత విశ్వాస ప్రమాణం చెప్పేవాళ్లలోనూ ఉండొచ్చు, గంటసేపు సొంత మాటలతో ప్రార్థించేవాళ్లలోనూ ఉండొచ్చు. రెండూ నేను చూశాను.

ఇక ఇది ఎక్కడ పుట్టిందో చెబుతాను. ఇది పుట్టింది బాప్తిస్మపు నీళ్లలో. మూడో శతాబ్దం మొదటి రోజుల రోమా సంఘపు ఆచారాన్ని చెప్పే రాతల్లో ఇలా ఉంటుంది: మనిషి నీళ్లలో దిగి నిలబడతాడు. తండ్రియైన దేవుని నమ్ముతున్నావా అని అడుగుతారు. నమ్ముతున్నాను అంటాడు, ఒక ముంపు. యేసుక్రీస్తును నమ్ముతున్నావా, పిలాతు కాలంలో సిలువ వేయబడి మూడో రోజు లేచిన ఆయనను నమ్ముతున్నావా? నమ్ముతున్నాను, రెండో ముంపు. పరిశుద్ధాత్మను నమ్ముతున్నావా? మూడో ముంపు. మనం ఈ రోజు ఏకబిగిన చెప్పేది ఆ మూడు ప్రశ్నలకు జవాబే. నాలుగో శతాబ్దంలో యెరూషలేములో ఇంకో పద్ధతి ఉండేది. బాప్తిస్మం తీసుకునేవాళ్లు ముందు పడమర వైపు తిరిగి, చెయ్యి చాచి, సాతానును వదిలేస్తున్నాను అనేవారు. చీకటి పడే దిక్కు అది. తర్వాత సూర్యుడు వచ్చే తూర్పుకు తిరిగి నమ్ముతున్నాను అనేవారు.

ఆ రోజుల్లో దీన్ని కాగితం మీద రాయనిచ్చేవారు కాదు. బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్లకు నోటితో అప్పగించేవారు, కొన్నాళ్లకు వాళ్లు తిరిగి ఒప్పజెప్పాలి. రాయొద్దు, గుండెలో రాసుకోండి, లేచినప్పుడు, పడుకునేటప్పుడు చెప్పుకోండి అని ఉత్తర ఆఫ్రికాలో బిషప్ అగస్టీన్ తన దగ్గర నేర్చుకునేవాళ్లకు చెప్పేవాడు. ఆయనే రాసిన ఒక సంగతి నాకు చాలా ఇష్టం. విక్టోరినస్ అని రోములో పెద్ద పండితుడు. రోము నగరంలో ఆయనకు విగ్రహం కూడా పెట్టారు. ముసలితనంలో క్రైస్తవుడయ్యాడు. అందరి ముందు ఎత్తైన చోట నిలబడి విశ్వాసం ఒప్పుకోవాలి. బిడియపడేవాళ్లకు ఏకాంతంగా చెప్పుకునే వీలు ఉండేది. ఆయనకూ అదే చెప్పారు. ఆయన వద్దన్నాడు. ఇన్నాళ్లూ అలంకార శాస్త్రం అందరి ముందే చెప్పాను కదా, అందులో రక్షణ లేదు, దీన్ని మాత్రం చాటుగా చెప్పడమా అన్నాడు. ఆయన పైకెక్కగానే జనంలో ‘విక్టోరినస్, విక్టోరినస్’ అని గుసగుసలు మొదలయ్యాయి. తర్వాత వినడం కోసం అందరూ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు.

అపొస్తలుల విశ్వాస ప్రమాణం అంటారు కాబట్టి యేసు శిష్యులైన పన్నెండు మంది అపొస్తలులు కూర్చుని తలా ఒక వాక్యం చెప్పారని ఒక కథ ఉంది. అది కథే. పాత రోమా సంఘపు ప్రమాణం మెల్లగా పెరిగి, ఎనిమిదో శతాబ్దానికి ఇప్పుడున్న రూపానికి వచ్చింది. అయితే దీన్ని పన్నెండు మాటలుగా విడగొట్టుకోవడం మా ఇంట్లో ఎంతో అక్కరకు వచ్చింది.

మా నాయనమ్మకు చదువు రాదు. పగలంతా పొలం పని. రాత్రి లాంతరు పెట్టి నాన్న చావడిలో అందరికీ నేర్పేవాడు. ఆవిడ వేళ్ల కణుపుల మీద నేర్చుకుంది. బొటనవేలు కదుపుతూ ఒక్కో కణుపుకు ఒక్కో మాట. నాలుగు వేళ్లకు మూడేసి కణుపులు, మొత్తం పన్నెండు. చూపుడు వేలికి తండ్రి, కుమారుడు, కన్య మరియకు పుట్టడం. నడిమి వేలికి పిలాతు, తిరిగి లేవడం, పరలోకానికెక్కడం. ఉంగరం వేలికి తీర్పు, పరిశుద్ధాత్మ, సంఘం. చిటికెన వేలికి మిగిలినవి పాపక్షమాపణ, శరీర పునరుత్థానం, నిత్యజీవం. ‘చిన్న వేలికి పెద్ద మాటలు పడ్డాయిరా’ అనేది. ఆవిడ మంచం పట్టిన ఆఖరి వారంలో మాట పోయింది. కళ్లు మూసుకునే ఉండేది. కానీ కుడి చేతి బొటనవేలు కణుపుల మీద తిరుగుతూ ఉండేది. చిటికెన వేలి దగ్గరికి వచ్చి, మళ్లీ చూపుడు వేలికి వెళ్లేది. అప్పటికి నాకు పదిహేనేళ్లు. ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మీకు అర్థం కాని మాటలకు వస్తాను.

పొంతి పిలాతు. అన్యాయమైన తీర్పు ఇచ్చిన మనిషి పేరు ప్రతి ఆదివారం తలుచుకోవడం ఏమిటని పిల్లలు కూడా అడిగేవారు. మా వైపు పెద్దవాళ్లను పుట్టిన సంవత్సరం అడిగితే ‘దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు’ అంటారు. అంటే 1977. అంకె గుర్తుండదు, ఉప్పెన గుర్తుంటుంది. పిలాతు పేరు అలాంటి గుర్తు. ఆయన క్రీ.శ. 26 నుంచి 36 వరకు యూదయకు రోమా అధిపతి. 1961లో సముద్రపు ఒడ్డున ఉన్న కైసరయలో తవ్వకాల్లో ఆయన పేరు చెక్కిన రాయి దొరికింది. యేసు బాధపడింది ‘అనగనగా’ అనే కాలంలో కాదు, ఫలానా అధికారి ఫలానా ఊళ్లో ఉన్నప్పుడు. ప్రమాణంలో మనుషుల పేర్లు, యేసును వదిలేస్తే, రెండే: మరియ, పిలాతు. ఒకరు ఆయనను లోకంలోకి తెచ్చారు, ఇంకొకరు లోకంలోంచి పంపేశారు.

అదృశ్యలోకములోనికి దిగెను. కొన్నిచోట్ల ‘పాతాళమునకు’ అంటారు. చాలామంది దీన్ని నరకం అనుకుని భయపడతారు. ఇక్కడ ఉద్దేశం చనిపోయినవాళ్ల లోకం. హెబ్రీ భాషలో షెయోల్, గ్రీకులో హేడెస్. శిక్షా స్థలానికి గెహెన్నా అనే వేరే మాట ఉంది. అపొస్తలుల కార్యాలు 2లో పేతురు, ఆయన పాతాళంలో విడిచిపెట్టబడలేదు అంటాడు. పేతురు మొదటి పత్రిక 3లో చెరలో ఉన్న ఆత్మలకు ఆయన ప్రకటించాడని ఉంది. ఆ వాక్యానికి ఏం అర్థం చెప్పాలో పెద్ద పెద్ద పండితులే ఒక్కమాట మీద లేరు. పాత రోమా ప్రమాణంలో ఈ ముక్క లేదు, తర్వాత చేరింది. పదహారో శతాబ్దపు ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ దీన్ని సిలువ మీద క్రీస్తు ఆత్మలో పడిన వేదన అన్నాడు. కొన్ని మెథడిస్టు సంఘాలు ఈ మాట వదిలేసి చెబుతాయి. నేను పిల్లలకు ఇలా చెప్పేవాణ్ణి: మనం వెళ్లబోయే చోట్లన్నిటికీ ఆయన ముందే వెళ్లొచ్చాడు, చావులోకి కూడా. నిజంగా చనిపోయాడు, చనిపోయినట్టు నటించలేదు. మీ నాన్నగారు వెళ్లిన చోటు ప్రభువు ఎరగని చోటు కాదమ్మా. ఈ మాట మీకోసమే ఉన్నట్టు నాకనిపిస్తోంది.

సార్వత్రిక సంఘం. ఇది తేలిక. ఇంగ్లీషులో ‘క్యాథలిక్’ అని ఉండడం వల్ల ప్రొటెస్టెంట్లకు అనుమానం. గ్రీకులో ఆ మాటకు ‘అంతటా ఉన్నది, మొత్తానికి చెందినది’ అని అర్థం. రెండో శతాబ్దం మొదట్లో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ రాసిన ఉత్తరంలోనే ఉంది. మీ అమ్మగారి సంఘం, మీ అత్తగారి సంఘం రెండూ ఇందులోకి వస్తాయి.

శరీర పునరుత్థానం. దీని గురించి తొందరగా దాటిపోలేను. నాన్నగారిని మట్టిలో పెట్టి వచ్చినవాళ్లకు ఈ మాట నోట్లో రాయిలా ఉంటుంది. నా భార్య చనిపోయిన ఏడాది నాకూ అంతే. నేను ముందు నిలబడి సంఘంతో చెప్పించాల్సినవాణ్ణి. రెండు నెలలు ఆ ఒక్క మాట దగ్గర నా గొంతు రాలేదు. వెనకాల నుంచి సంఘం చెప్పింది, నేను విన్నాను. ఆ రెండు నెలలు నాకు అర్థమైంది, కలిసి చెప్పడం ఎందుకు పెట్టారో. నేను మొయ్యలేని రోజు నా పక్కవాళ్లు మోస్తారు. ఇంకోరోజు వాళ్ల వంతు నేను మోస్తాను.

పౌలు కొరింథీయులకు దీన్ని వివరించేటప్పుడు విత్తనం పోలిక తీసుకున్నాడు. క్షయమైనదిగా విత్తబడి అక్షయమైనదిగా లేపబడును అన్నాడు. వడ్లు నానబెట్టి, గోనెలో కట్టి, మొలక వచ్చాక చల్లినవాళ్లకు ఈ పోలిక విడమరిచి చెప్పక్కర్లేదు. వారం తర్వాత తీసి చూస్తే గింజ కుళ్లిపోయి ఉంటుంది, దాని చివర పచ్చగా మొలక ఉంటుంది. ఇంకో సంగతి. ప్రమాణంలో ‘ఆత్మ బతికే ఉంటుంది’ అని ఊరుకోలేదు, శరీరం అన్నారు. మిమ్మల్ని ఎత్తుకున్న చేతులు, సైకిల్ మీద బడికి దింపిన కాళ్లు దేవుడికి లెక్కలేనివి కావు అని దాని అర్థం. ఇది మీకు వెంటనే నమ్మకం కుదరాలని నేను అడగను. కుదరని రోజుల్లో ఏడవండి. చనిపోయిన తన స్నేహితుడు లాజరు లేస్తాడని తెలిసీ ప్రభువు ఆ సమాధి దగ్గర ఏడ్చాడు.

ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆదివారాల్లో మీరు వినే పొడవైన ప్రమాణం వేరు. అది నైసియా ప్రమాణం. 325లో, ఇప్పుడు టర్కీలో ఇజ్నిక్ అనే ఊళ్లో, కాన్‌స్టంటైన్ చక్రవర్తి పిలిస్తే బిషప్పులు సమావేశమయ్యారు. అలెగ్జాండ్రియాలో అరియస్ అనే బోధకుడు, కుమారుడు లేని కాలం ఒకటి ఉంది, ఆయన కూడా సృష్టే అని నేర్పుతున్నాడు. దానికి జవాబుగా, పుట్టినవాడేగాని సృజింపబడినవాడు కాడు, తండ్రితో ఒకే తత్వం గలవాడు అని రాశారు. మనం వాడే పాఠం 381లో కాన్‌స్టాంటినోపుల్ సభతో ముడిపడినది. మీకు పనికొచ్చే విషయం ఒకటుంది: సభ రాసిన గ్రీకు ప్రమాణం ‘మేము నమ్ముచున్నాము’ అని మొదలవుతుంది. బాప్తిస్మంలో ‘నేను’, సభలో ‘మేము’. మీకు ‘నేను’ అనడం కష్టంగా ఉన్న రోజున మనసులో ‘మేము’ అనుకుని చెప్పండి, తప్పేమీ లేదు.

ప్రమాణం చెప్పని సంఘాల్లో విశ్వాసం లేదని మాత్రం ఎప్పుడూ అనకండి, అత్తగారింట్లో ఎవరైనా అన్నా ఒప్పుకోకండి. బాప్టిస్టుల ఆరాధనలో ఇది సాధారణంగా ఉండదు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. యేసును ప్రభువుగా ఒప్పుకుంటూనే ఆ నీళ్లలో దిగారు. దోర్నకల్ బిషప్ అజరయ్య గారి పద్ధతి ఇంకోటి. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్లతో, తల మీద చెయ్యి పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ అని చెప్పించేవారు. అదీ విశ్వాసాన్ని ఒప్పుకోవడమే. తల మీద ఇంకా ఆ నీళ్ల తడి ఉంటుంది.

మీరు చిన్నప్పుడు చేసిన ‘రక్షణ ప్రార్థన’ గురించి కూడా చెప్పాలి. దానికి వేరు యేసు చెప్పిన కథలోని సుంకరి (పన్ను వసూలు చేసేవాడు) ప్రార్థనలో ఉంది: ‘దేవా, పాపినైన నన్ను కరుణించుము.’ ఇప్పుడు మనం కరపత్రాల్లో చూసే రూపం, ప్రసంగీకుడు చెబితే వెంట చెప్పడం, పెద్ద పెద్ద సువార్త సభలతో ఇరవయ్యో శతాబ్దంలో బాగా వ్యాపించింది. అది మంచి ప్రార్థన. ఎంతోమంది జీవితం అక్కడ మలుపు తిరిగింది. జాగ్రత్త ఎక్కడంటే, దాన్ని భయంతో మళ్లీ మళ్లీ చేయించడం దగ్గర. మా క్లాసులో ఒక అమ్మాయి ఏ సభ జరిగినా ముందుకెళ్లి ఆ ప్రార్థన చేసేది. తొమ్మిదిసార్లు చేశానని నాతో చెప్పింది. ‘ఈ రాత్రి చనిపోతే ఎక్కడుంటావు’ అని అడిగినప్పుడల్లా మొదటిది సరిగ్గా చెయ్యలేదేమో అని భయం. నిద్ర పట్టేది కాదట. పెళ్లి చేసుకున్నవాళ్లు ఏటా మళ్లీ తాళి కట్టించుకోరు తల్లీ, కాపురం చేస్తారు అన్నాను. ఆ అమ్మాయికి నేను ఇచ్చిన మందు ఈ విశ్వాస ప్రమాణమే. అందులో ‘నేను ఎంత గట్టిగా నమ్మాను’ అనే కొలత ఎక్కడా లేదు. ఆయన పుట్టాడు, బాధపడ్డాడు, చనిపోయాడు, లేచాడు, వస్తాడు. అన్నీ ఆయన చేసిన పనులు.

ఒక హెచ్చరిక. బలవంతం మీద ఈ మాటలు ఎవరూ చెప్పకూడదు, చెప్పించకూడదు. మీకు ఆ పరిస్థితి లేదు గానీ, చదివే ఇంకెవరికైనా పనికొస్తుంది. ఒకసారి పెళ్లి ముహూర్తం దగ్గరపడిందని ఒక హిందూ కుటుంబపు అమ్మాయిని నా దగ్గరికి తీసుకొచ్చి, మూడు రోజుల్లో నేర్పేసి బాప్తిస్మం ఇప్పించాలన్నారు. ఆ అమ్మాయి అన్ని మాటలూ చక్కగా అప్పజెప్పింది, కళ్లెత్తి చూడలేదు. నువ్వు ఏమనుకుంటున్నావమ్మా అంటే ఏడ్చింది. నేను నేర్పనన్నాను, పాస్టరయ్యగారికీ చెప్పాను. రెండు వైపులా నా మీద కోపగించుకున్నారు. ఆ కోపం నాకు భారం అనిపించలేదు.

నా వల్ల జరిగిన తప్పు కూడా మీకు చెప్పాలి. ఒక ఏడు కన్ఫర్మేషన్‌కు పదకొండు మంది పిల్లలు. బిషప్ గారు వస్తున్నారు. అందులో ఒక అబ్బాయికి నత్తి. ‘పాపక్షమాపణను’ దగ్గర ‘పా, పా’ అని ఆగిపోయేవాడు. పిల్లలు నవ్వేవారు. అందరి ముందు ఇబ్బంది పడతాడని, వచ్చే ఏడు చూద్దాంలే అని పక్కన పెట్టాను. ఆ వచ్చే ఏడు వాడు రాలేదు. హైదరాబాదులో సెంట్రింగ్ పనికి వెళ్లిపోయాడు. పన్నెండేళ్ల తర్వాత వాళ్ల నాన్న భూస్థాపనకు వచ్చాడు. సమాధి దగ్గర ప్రమాణం చెబుతుంటే వాడి పెదవులు కదులుతున్నాయి, గొంతు లేదు. తర్వాత నా దగ్గరికి వచ్చి, ‘మాస్టారూ, రోజూ పనికెళ్లే ముందు చెప్పుకుంటానండీ. లోపల చెప్పుకుంటే నత్తి రాదు’ అన్నాడు. నేను వాడి చేతులు పట్టుకుని క్షమించమని అడిగాను. ఆ తర్వాత నా క్లాసులో ఎవరినీ ఆ కారణానికి ఆపలేదు.

అందుకే పెదవులు మాత్రమే కదుపుతున్నాను అని మీరు రాసినప్పుడు నాకు వాడు గుర్తొచ్చాడు. పెదవులు కదపడం తక్కువదేమీ కాదు.

చివరగా, ఎలా చెప్పాలో రెండు మాటలు. ప్రమాణాన్ని గబగబా చదివెయ్యకండి, సంఘం తొందరపడినా మీ మనసు తొందరపడనక్కర్లేదు. ఒక వారం ఒకే ఒక్క మాట పట్టుకోండి. మొదటి వారం ‘సృజించిన’ అన్న మాట చాలు. ప్రొటెస్టెంట్ సంస్కర్త లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకంలో ఆ మాటకు చెప్పిన అర్థం చూడండి: దేవుడు నన్ను చేశాడు, కళ్లు, చెవులు ఇచ్చాడు, బట్టలు, చెప్పులు, తిండి, ఇల్లు ఇచ్చాడు. పరలోక భూలోకాల్లోంచి నేరుగా చెప్పుల దాకా వచ్చాడు. అలా మీ ఇంట్లో వస్తువుల దాకా తెచ్చుకోండి. ‘పునరుత్థానము’ దగ్గర గొంతు ఆగితే ఆగనివ్వండి, పక్కవాళ్లు చెప్పేది వినండి, ‘నిత్యజీవమును’ దగ్గర మళ్లీ కలవండి.

ఈ వారంలో ఒకరోజు వంటింట్లో పని అయ్యాక, మీకు దీన్ని ఎవరు నేర్పారు అత్తయ్యా అని మీ అత్తగారిని అడగండి. నోరు తెరిచి చెప్పమ్మా అని ఆవిడ అంటున్నదాని వెనకాల ఎవరో ఒకరు ఉండే ఉంటారు, వాళ్ల అమ్మో, ఉపదేశి గారో. ఆవిడ చెప్పింది వీలైతే ఇక్కడ రాయండి, నాకూ వినాలని ఉంది.